మూడో జత హెడ్‌ఫోన్లు

నా నోట్లె మిగిలినయి నాలుగే పండ్లు. ఆ నాలుగింటి మీద ఒట్టేసి చెప్తున్న చంద్రమోహనూ, ఇప్పుడు నేను చెప్పేదాంట్ల ఆవగింజంత అబద్ధం లేదు. పొడుగు చేసి చెప్పుడు నా అలవాటు, కాదనను. పిల్లి కనబడితే పులి అంట. జల్లు పడితే తొర్రూరు మునిగిందంట. అది అబద్ధం కిందికి రాదు. డెబ్బయ్యారేండ్లల్ల నేను ఆడిన అబద్ధం ఒక్కటే. అది కూడ ఈ ముచ్చట్లనే వస్తది.

కూసో. మా రామచందర్ అన్నం తిని వచ్చేదాకా ఎట్లాగూ ఆగాలె గద. నల్లది, నీలంది, ఆ డబ్బల పండుకున్న వెండి రంగుది. మూడింట్ల ఏది తీసుకోవాలె అని అడిగినవు. కొడుకు దుకాణంల ఇరవయ్యేండ్ల సంది గల్లా కాడ కూసున్నదాన్ని, తప్పకుండ చెప్త. కానీ అది చెప్పాలంటె, పోయినేడు ఇదే అద్దాల బల్ల ముందర నిలబడి ఇవే మూడు చూసిన మనిషి సంగతి చెప్పాలె. నువ్వెరిగినోడే. తండా కాడ, బావి ఒడ్డున నువ్వు కొన్న రెండెకరాలు నీకమ్మినోడు. వీరేందర్.

శ్రావణమాసం. పగటి మూడు గంటలు. వాన అంటే వాన కాదు, మొగులుకు అడుగు ఊడిపోయింది. దుకాణం రేకుల మీద ఆ మోత. పక్కన కారం పట్టే గిర్ని గడగడ. ఎదురుంగ వరంగల్ బస్సు, ఖమ్మం బస్సు ఎదురెదురు నిలబడి హారన్లు కొట్టుకుంటున్నయి. కారం ఘాటు, తడిసిన గోనెసంచుల వాసన కలిసి ముక్కుల మంట పెడుతున్నది. అండ్ల నుంచి వచ్చిండు వీరేందర్. మనిషి సగమైండు. దండెం మీద ఆరేసిన అంగికి కాళ్ళు మొలిచినట్టున్నడు. గోర్ల సందుల బొగ్గు. రెండు చెవులల్ల దూది.

"అన్నా, బయటి చప్పుడు అస్సలు వినబడనిది ఉన్నదా?"

"ఉన్నది," అన్నడు రామచందర్. "భూపాలపల్లి బొగ్గు గనిల డంపర్ నడుపుతున్నవట గద. చెవులు దిబ్బడేస్తున్నయా?"

"బండి చప్పుడుతోని నాకు పరేషాన్ లేదన్నా."

"మరి దేనితోనిరా? పెండ్లాం మాటలతోనా?" అన్న నేను గల్లా కాడికెల్లి.

నా మాటకు నవ్వని మనిషి ఈ మూడు జిల్లాలల్ల లేడు. వీడు నవ్వలే.

రామచందర్ మూడు జతలు అద్దం మీద పెట్టి తన పాఠం మొదలుపెట్టిండు. నల్లది చెవులను మెత్తగ మూస్తదంతే. నీలంది బయటి చప్పుడును తానే విని, దానికి ఎదురు చప్పుడు పుట్టించి చంపుతది. వెండిది దానికన్న పైది, పక్కన బాంబు పేలినా తెలువది. గిరాకీకి చెప్పేటప్పుడు వాడు నా కొడుకే అని తెలిసిపోతది.

వీరేందర్ దూది తీసి నల్లది పెట్టుకున్నడు. కండ్లు మూసుకున్నడు.

"గిర్ని తగ్గింది. కానీ ఆమె వినబడుతున్నది."

"ఎవరు?"

"మా పెద్దమ్మ. సక్రి."

సక్రి పేరు వినంగనే నా చేతుల వక్క కిందపడ్డది. అప్పటికి ఆమె పోయి పది నెలలు.

సక్రిని నువ్వు ఎరుగుదువు, కానీ నేను ఎరిగినంత కాదు. పిల్లలు లేరు, మొగడు లేడు. మరిది కొడుకని ఈ వీరేందర్‌ను మూడేండ్లప్పటి నుంచి సాకింది. వాళ్ళ భాషల అమ్మను యాడి అంటరు, వీడు ఆమెను యాడీ అనే పిలిచేటోడు. రెండెకరాల పల్లి చేను, దాని మీద నాలుగు వందల కోతులు. సరే, నలభై అనుకో. అప్పుడు మా దుకాణంల అరుపుల డబ్బ కొన్నది. గొట్టం మైకు, కింద బ్యాటరీ. మన గొంతు అండ్ల నింపి చేన్ల పెడితే పొద్దుగూకేదాకా అదే అరుస్తది, మనిషే ఉన్నదనుకొని కోతి రాదు, పంది రాదు. ఇప్పుడు అందరి చేన్లల్ల అవే. సక్రి తన గొంతు నింపింది ఇక్కడనే. నువ్వు కూసున్న తావులనే. చెయ్యి నోటికి అడ్డం పెట్టి ఒక్కటే అరుపు.

"హోయ్... సూస్తనే ఉన్న. యాడికి పోతవ్?"

ఖమ్మం బస్సు డ్రైవరు బండాపి దిగొచ్చి, తప్పయింది అమ్మా అని దండం పెట్టిండు.

అటెన్క దసరా ముందర సక్రి బావిల పడ్డది. మెట్లు లేని పాత బావి. మోటరు పైపు పట్టుకొని అరిచింది. పగటి నుంచి పొద్దుగూకేదాకా ఆమె గొంతు తండా అంత విన్నది. డబ్బ అనుకున్నరు. ఎవ్వరూ లేవలే. తండా పెద్ద బలరాం పోలీసోళ్ళ ముందట అదే చెప్పిండు, అందరూ అదే చెప్పిన్రు, వీరేందర్ కూడ అదే చెప్పిండు. తప్పు ఎవరి మీదా పడలే. చేను వీరేందర్‌కు వచ్చింది, నీకు అమ్మి భూపాలపల్లి పోయిండు.

"జనగామల చెవుల డాక్టరుకు చూపెట్టుకున్న," అన్నడు వీరేందర్. "చెవులల్ల ఏం లేదన్నడు. జర ఆ నీలంది ఇయ్యి అన్నా."

నీలంది పెట్టుకున్నడు. చానసేపు ఉంచుకున్నడు.

"గిర్ని పోయింది. వాన పోయింది." వెనక్కు తిరిగి చూసిండు. "ఆమె దగ్గరికొచ్చింది."

"అది చెవిల పాత గుర్తురా. వెండిది పెట్టుకో, మొత్తం పోతది," అన్నడు నా అమాయకపు కొడుకు.

వెండిది పెట్టుకున్నడు. అంతే. ముఖంల నెత్తురు ఎవరో గిన్నెతోని తోడేసినట్టు పోయింది. రెండు చేతులతోని పీకి అద్దం మీద పెట్టిండు.

"బయటి చప్పుళ్ళే నయముండె," అన్నడు మెల్లగ. "అవే ఆమెను కప్పిపెట్టినయి."

రామచందర్ తీసి తను పెట్టుకొని చూసిండు. "ఏం లేదు అవ్వా. మస్తున్నది."

"ఇటు తే," అన్న.

కొప్పు మీదికెల్లి పెట్టుకున్న. రామచందర్ మీట నొక్కిండు.

చంద్రమోహనూ, నేను పెండ్లిండ్లల్ల పెరిగినదాన్ని, బజార్ల ముసలిదాన్నయిన. చప్పుడు లేని తావు నాకు తెలువది. వాన కండ్ల ముందు పడుతున్నది, మోత లేదు. గిర్ని తిరుగుతున్నది, మోత లేదు. నా మోకాలి చిప్పలు అరుగుడు వినబడ్డది. నా నాలుగు పండ్లు ఒకదాన్నొకటి మందలిచ్చుకునుడు వినబడ్డది. నవ్వబోయిన.

అప్పుడు... టప్.

ఆగి... టప్.

నీళ్ళు. లోతుల. ఎండ తగలని రాళ్ళ పాచి వాసన. మా దుకాణంల, కారం ఘాటుల, పాచి వాసన.

ఎవరో ఊపిరి పీలుస్తున్నరు. నా చెవి వెనుక.

"శేటమ్మా... నా డబ్బ అయిందా?"

ఇప్పుడు ఆ అబద్ధం చెప్త. సక్రి పోయిన దసరాకు ముందు ఆ డబ్బ పాడైంది. బాగుచెయ్యమని మా దుకాణంలనే ఇచ్చిన్రు. రామచందర్ అదే సాయంత్రం బాగుచేసి పైఅర మీద పెట్టి, సరుకుకని వరంగల్ పోయిండు. తెల్లారి సక్రి ఫోన్ చేసింది. శేటమ్మా, నా డబ్బ అయిందా, కోతులు చేను దున్నుతున్నయి అన్నది. స్టూలెక్కి అంత మీదికెల్లి ఎవరు తీయాలె? కాలేదు అన్న. రేపు రా అన్న. సరే, నేనే పోయి కోతులను కొట్టుకుంట అన్నది. ఆ పగటికే కోతుల వెంట ఉరికి బావి ఒడ్డున జారింది. ఇన్ని ఊర్ల ముచ్చట్లు నా నోట్లె ఉంటయి, ఈ ఒక్క ముచ్చట నేను ఎవరికీ చెప్పలే. తండా అంత డబ్బ అనుకున్నం అని ఏడుస్తుంటె కూడ, డబ్బ మా దుకాణంల ఉండె అని చెప్పలే. రామచందర్‌కైతే ఆ డబ్బ యాదికే రాలే.

హెడ్‌ఫోన్లు తీసిన. స్టూలు జరుపుకున్న. రామచందర్ వద్దంటున్నా ఎక్కిన. ఆ డబ్బ అక్కడనే ఉన్నది, దుమ్ము కప్పుకొని. కిందికి తెచ్చి అద్దం మీద పెట్టిన. దానికి కట్టిన చీటి మీద రామచందర్ రాత. సక్రి, పల్లి చేను డబ్బ. తారీఖు. తెచ్చినోళ్ళ పేరు.

వీరేందర్.

చూసినవా? తండాల డబ్బ లేదన్న సంగతి ఎరిగినోడు వాడొక్కడే. వాడే బండి మీద తెచ్చి ఇచ్చిండు. పగటి నుంచి పొద్దుగూకేదాకా అరిచింది ఎవరో వాడికి తెలుసు.

చీటి వాడి దిక్కు తిప్పిన. వాడు చదువుకున్నడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో తెలువక ఆ వెండి హెడ్‌ఫోన్లే పట్టుకున్నడు. ఎందుకు పెట్టుకున్నడో దేవునికి తెలువాలె... మళ్ళ పెట్టుకున్నడు.

కరెంటు పోయింది.

గిర్ని ఆగింది. బస్సుల హారన్లు ఆగినయి. వాన... చెయ్యి పెట్టి ఆపినట్టు ఆగింది. బజారు బజారంత నీళ్ళ కింద ఉన్నట్టయింది.

డబ్బల బ్యాటరీ లేదు. బాగుచేసినప్పుడు రామచందర్ తీసి పక్కన పెట్టిండు. ఒట్టి డబ్బ.

ఆ ఒట్టి డబ్బ అరిచింది.

"హోయ్... సూస్తనే ఉన్న. యాడికి పోతవ్?"

వీరేందర్ కింద కూసుండిపోయిండు. గుసగుసగ మాట్లాడుతున్నడు, మాతోని కాదు.

"యాడీ... గట్టు మీద కూసున్న యాడీ. విన్న. లేవబోయిన. చెయ్యి పట్టి కూసోబెట్టిండు. 'డబ్బేలే, కూసో' అన్నడు. చేను మనదయితది అన్నడు. నీ గొంతు ఆగేదాకా... కూసున్నం."

"ఎవడురా?" అన్న నేను. "చెయ్యి పట్టింది ఎవడు?"

నా మాట వాడికి వినబడలే. కానీ ఆమె కూడ అదే అడిగినట్టున్నది. పేరు చెప్పిండు.

అటెన్క లేచి ఉరికిండు. హెడ్‌ఫోన్లు చెవులకే ఉన్నయి. కదులుతున్న బస్సెక్కిండు. పోంగనే కరెంటొచ్చింది, గిర్ని తిరిగింది, వాన పడ్డది.

వాడి పెండ్లాం ఉమ వారం వారం ఫోన్ చేస్తది. ఏడాదయింది, ఆ హెడ్‌ఫోన్లు తీయలేదట. తీయబోతే ఊరంత వినబడేటట్టు మొత్తుకుంటడట. ఛార్జింగ్ పెట్టింది లేదు, దాని దీపం ఆరింది లేదు. పెండ్లాం పిలిస్తె వినబడది, బిడ్డ ఏడిస్తె వినబడది. పగటి పన్నెండయితే చాలు, పోయి గోడకు కూసుంటడట. లేస్తున్న యాడీ, లేస్తున్న యాడీ అంటడట. కాళ్ళు లేవయి. పొద్దుగూకేదాకా.

ఇగ నా సంగతి. నేను హెడ్‌ఫోన్లు తీసేముందు సక్రి ఇంకొక్క మాట అన్నది. అది ఇప్పటిదాకా నీకు చెప్పలే.

"ఎవరితోని పంపుతవ్?" అన్నది.

ఏడాది నుంచి చూస్తున్న. రామచందర్‌తోని డబ్బ పంపుదామంటె వాడికి ఆమె వినబడనే వినబడది. నేను పోదామంటె మోకాళ్ళు. ఎవరొస్తరా అని గల్లా కాడ కూసున్న. ఇయ్యాల నువ్వొచ్చినవు. చెవులల్ల దూది పెట్టుకొని వచ్చినవు. బయటి చప్పుడు అస్సలు వినబడనిది ఉన్నదా అని అడిగినవు.

ఎందుకు లేస్తున్నవు? కూసో. డబ్బేలే.

ఏది మంచిదని అడిగినవు గద. వెండిది తీసుకో. దాని జోడీనే, పోయినేడు ఒకటి వాడు తీసుకపోయిండు, ఇది రెండోది. ఊకెనే ఇస్తున్న, తీసుకపో. బదులుకు నాకొక పని చేసిపెట్టు. మళ్ళ పైఅర మీదనే పెట్టించిన, ఆ డబ్బ తీసుకొని పోయి బావి ఒడ్డున పెట్టు. బావి ఇప్పుడు నీదే గద, అడిగేటోళ్ళు లేరు. లోపలికి వంగి, అక్కా, శేటమ్మ పంపింది, నీ డబ్బ అయింది అని చెప్పు. వచ్చేటప్పుడు ఒక కట్ట తమలపాకులు పట్టుకరా. వస్తె.

ఎండ మీదనే పో, పన్నెండు కావస్తున్నది. స్టూలు జాగ్రత్త. డబ్బను రెండు చేతులతోని కిందికెల్లి పట్టుకో, అంగి తడుస్తది. పొద్దున రామచందర్ తుడిచిండు, మళ్ళ నీళ్ళు కారుతున్నయి.