ఇరవై ఒకటో నంబరు ఫారం

"మీ గుంపులో ఇరవై మంది పిల్లలు. ఇరవై మందికీ అన్నిట్లో ఐదుకి ఐదు. ఏమండీ, వీళ్ళని ఏ లోకం నుంచి దింపారు?"

ఎమ్నా నాతో మాట్లాడిన మొదటి మాటలివి. ఆ సమయంలో నేను పైన్ చెట్టెక్కి, ఫిరాస్ గాడు విసిరేసిన చెప్పు కోసం కొమ్మల్లో వెతుకుతున్నాను. కింద ఒక అమ్మాయి. ఆమె చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పు కింద నేను నింపిన ఫారాలు.

"పిల్లలు మంచివాళ్ళండీ," అన్నాను పైనుంచే.

"చాలా సంతోషం. మొదటిరోజే ఇంత గొప్పవాళ్ళైపోయారుగా, రేపు బస్సెక్కించి ఇళ్ళకి పంపేద్దామా?"

తబర్కాలో సముద్రం పక్కనే మా వేసవి క్యాంపు. పధ్నాలుగు రోజులు. ఆ ఏడాది కొత్త పద్ధతి పెట్టారు. పిల్లలు ఈత నేర్చుకుంటే చాలదట, మనుషులుగా ఎంత ఎదిగారో కూడా కొలవాలట. ఉన్నది పంచుకుంటున్నారా, తప్పు చేస్తే సారీ చెబుతున్నారా, తోటివాళ్ళకి సాయపడుతున్నారా, ఓడినా మళ్ళీ ప్రయత్నిస్తున్నారా, మనసులో మాట బయటికి చెప్పగలుగుతున్నారా. ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు, మొదటిరోజొకసారి, చివరిరోజొకసారి. రెంటికీ ఉన్న తేడాయే ఎదుగుదల. అది సరిగ్గా జరిగేలా చూడ్డానికి స్ఫాక్స్ నుంచి ఎమ్నాని పంపించారు.

నేను చెట్టు దిగి, ప్యాంటు దులుపుకుని నిలబడ్డాను.

"మామూలుగా ఏం చేస్తుంటారు మీరు?"

"బేజాలో స్కూలు పిల్లలకి లెక్కలు చెప్తాను."

"లెక్కలా?" అని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఐదులోంచి ఐదు తీసేస్తే ఎంత, మాస్టారూ?"

"సున్నా."

"అంటే పధ్నాలుగు రోజుల్లో మీ దగ్గర ఒక్క పిల్లాడూ పిసరంత ఎదగడు. మీరే సంతకం పెట్టిచ్చారు."

నేను నాలుక కరుచుకున్నాను. స్ఫాక్స్ వాళ్ళు కస్కస్ రవ్వ తింటూ గింజలు లెక్కపెడతారని మా బేజాలో వేళాకోళం చేస్తుంటారు. వేళాకోళం కాదని ఆ రోజు తెలిసింది.

ఆమె కొత్త ఫారాలు నా చేతిలో పెట్టింది. "మంచివాడు, తెలివైంది అని రాయొద్దు. కళ్ళతో చూసింది రాయండి. పేర్లు కూడా వద్దు, నంబర్లే. పేరు కనిపిస్తే మీలాంటివాళ్ళకి జాలి పొంగుకొచ్చి మార్కులు పొర్లిపోతాయి."

బుద్ధిగా మళ్ళీ రాశాను. పుచ్చకాయ పంచుతుంటే మూడు ముక్కలు లాక్కుని పారిపోయిన ఫిరాస్‌కి పంచుకోవడంలో ఒకటి. ఎవరేం మోస్తున్నా కూర్చుని చూసే తస్నీమ్‌కి సాయంలో ఒకటి. ఆ ఒకటి వేసేముందు రెండుసార్లు పెన్ను మూత పెట్టి తీశాను.

నాలుగోరోజు ఫిరాస్ గాడి కంట్లో ఒక ఫారం పడింది. వాడు చదివాడు, అందరికీ చదివి వినిపించాడు. ఇక చూడండి.

ఎమ్నా అట్ట పట్టుకుని భోజనాల గదిలోకి అడుగుపెట్టడం ఆలస్యం, ఇరవై రొట్టెలు గాల్లోకి లేచాయి.

"నా రొట్టె నువ్వు తిను."

"వద్దు, నాదే నువ్వు తిను."

"నేను ముందన్నాను, తినరా."

హరీసా కారం రాసిన రొట్టెలు ఇరవై చేతులు మారాయి. చొక్కాలన్నీ ఎర్రబడ్డాయి తప్ప ఎవరి నోట్లోకీ ముక్క పోలేదు.

ఆ సాయంత్రం ఇసుకలో ఫిరాస్ వెళ్ళి తన జతగాడు కాయిస్‌ని ఒక్క తోపు తోశాడు. తోసి, చేతులు కట్టుకుని, "సారీ కాయిస్," అన్నాడు ఎమ్నావైపు చూస్తూ.

"ఆగరా, నేనింకా పడలేదు," అని కాయిస్ తీరిగ్గా ఇసుకలో పడుకున్నాడు. "ఆఁ, ఇప్పుడు చెప్పు. అయినా రేపు నేను తోస్తాను, నువ్వు క్షమించు. రోజూ నువ్వేనా సారీ చెప్పేది?"

"అక్కా, రాసుకున్నావా?" అన్నాడు ఫిరాస్.

ఎమ్నా అట్టని ముఖానికి అడ్డం పెట్టుకుంది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది. అట్ట పక్కనుంచి ఒక కన్ను నన్ను చూసి, తను నవ్వడం నేను చూశానని గ్రహించి, మళ్ళీ దాక్కుంది. అంతే, నేను పడిపోయాను. కాయిస్‌లా తీరిగ్గా కాదు, ఒక్కసారే.

ఇక పిల్లలకి కనిపించకుండా పరిశీలించాలని ఆమె నిర్ణయించింది. ఒడ్డున బోర్లించిన పడవ వెనక ఇద్దరం గొంతుక్కూర్చునేవాళ్ళం. మధ్యలో ఫారాలు, ఫారాల మీద క్యాంపు పిల్లి.

"మీకు పెన్ను పట్టుకోవడం వచ్చా అసలు?"

"మీ పక్కన కూర్చుంటే మర్చిపోతున్నాను."

"ఏమన్నారు?"

"ఎండ ఎక్కువగా ఉందంటున్నాను."

ఇలా రోజూ నీళ్ళు నమిలాను. పిల్లలకి "మనసులో మాట చెప్పండర్రా" అని పాఠాలు చెప్పే మనిషిని, నా వంతొచ్చేసరికి ఎండ గురించి, చేపల గురించి, ఆఖరికి బేజా రైలు టైముల గురించి మాట్లాడాను.

తొమ్మిదోరోజు కాలంకాని కాలంలో వాన పడింది. ఫారాలు చొక్కాలో దాచుకుని పరుగెత్తాను. ఎమ్నా తను తడిసిపోతూ అట్టని నా తలమీద పట్టుకుని పక్కనే పరుగెత్తింది.

"మీరు తడిసిపోతున్నారు," అన్నాను.

"అట్ట మీకోసం కాదు. మీ చొక్కాలో ఫారాల కోసం."

అయినా వసారా కిందికి వచ్చాక కూడా అట్టని కాసేపు అలాగే పట్టుకుంది.

చివరిరోజు నాలుగింటికి ఆమె బస్సు. అది ఎక్కేలోగా చెప్పకపోతే ఇక చెప్పేది లేదు. నోరు రాదని తెలిసి, పదమూడో రోజు మధ్యాహ్నం పిల్లలంతా పడుకున్నాక ఒక ఖాళీ ఫారం తీశాను. నంబరు ఇరవై ఒకటి. కళ్ళతో చూసింది రాశాను. రేపు ఆమె చేతికిచ్చి పారిపోదామని, మిగతా ఫారాల అడుగున దాచాను.

మర్నాడు తల్లిదండ్రులొచ్చారు. బల్ల దగ్గరికెళ్ళి చూస్తే ఫారాల్లేవు.

"నేనే తీసుకెళ్ళి హమాది సారుకిచ్చాను అన్నా," అంది తస్నీమ్ మెరిసే కళ్ళతో. "నువ్వు అడక్కుండానే సాయం చేశాను. రాసుకో."

హమాది గారు మా క్యాంపు పెద్ద. అప్పటికే మైకు ముందు నిలబడ్డారు. "పేర్లు చెప్పను గానీ, మా నిజార్ రాసిన ఫారాల్లో ఒకటి చదువుతాను. ఇంత శ్రద్ధగా రాసింది నేనెప్పుడూ చూడలేదు. ఇరవై ఒకటో నంబరు."

నేను మైకువైపు రెండడుగులు వేసేలోపే ఆయన మొదలుపెట్టేశారు.

"మొదటిరోజు: చెట్టు మీదున్న మనిషిని కిందనుంచే కడిగేసింది. నవ్వలేదు. నాలుగోరోజు: అట్ట వెనక దాక్కుని నవ్వింది. ఆరోరోజు: తన రొట్టెలో సగం పిల్లికి పెట్టి, ఎవరూ చూడలేదనుకుంది. తొమ్మిదోరోజు: తను తడుస్తూ ఇంకొకరు తడవకుండా చూసింది, పైగా కాదని బుకాయించింది. పదమూడోరోజు: ఈ నంబరు రేపు వెళ్ళిపోతే, రాసేవాడికి ఎటు చూడాలో తెలియదు."

ఒకామె తలమీంచి కప్పుకున్న తెల్ల సఫ్సారీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మా తస్నీమే. పిల్లులంటే దానికి ప్రాణం."

"కాదమ్మా," అన్నాడో తండ్రి. "మనుషుల్ని కడిగేస్తోందంటే మా పిల్లే. వాళ్ళమ్మ పోలిక." పక్కనున్న వాళ్ళమ్మ ఆయన్ని మోచేత్తో పొడిచింది.

"ఎవరి బిడ్డండీ? లేపండి, చప్పట్లు కొడదాం," అన్నారు హమాది గారు.

ఫిరాస్ వేళ్ళు లెక్కపెట్టాడు. "సార్, మేం ఇరవై మందిమే. నిజార్ అన్న గుంపులో ఇరవై ఒకటి లేదు." తర్వాత వాడి చూపు పిల్లి మీదికి, అట్ట మీదికి, ఎమ్నా మీదికి వెళ్ళింది. "వానలో తడిసింది ఎమ్నా అక్క కదా?"

భూమి చీలితే దూకేద్దామని చూశాను. ఇసుక, చీలలేదు.

ఎమ్నా లేచింది. చెవులు ఎర్రగా ఉన్నాయి. ఫారం అందుకుని నేరుగా నా దగ్గరికొచ్చింది. "విశేషణాలు లేవు. బాగుంది. కానీ మార్కులు వెయ్యలేదు."

"ఐదు వేద్దామనుకున్నానండీ. తిడతారని."

ఆమె తన అట్ట క్లిప్పు తీసింది. అన్నిటికన్నా అడుగున మడతపెట్టిన ఫారం ఒకటి. దానిమీద నంబరు లేదు. నిజార్ అని నా పేరే ఉంది.

"పేరు రాయకూడదు కదా," అన్నాను.

"కూడదు. జాలి పొంగుకొస్తుంది. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించలేదు." వేలితో ఒక గడి చూపించింది. "మనసులో మాట చెప్పడం. మొదటిరోజు ఒకటి. చివరిరోజు గడి ఖాళీ. నా బస్సు నాలుగింటికి. రాసింది లెక్కలోకి రాదు, చెప్పింది కావాలి."

"ఎమ్నా గారూ, ఈ ఎండ..." అన్నాను.

"ఓడినా మళ్ళీ ప్రయత్నించాలి అన్నా," అని వెనకనుంచి కాయిస్ అరిచాడు. ఫిరాస్ నన్ను ఒక్క తోపు తోశాడు. సారీ చెప్పలేదు.

"ఎమ్నా, నువ్వంటే నాకు ప్రాణం," అన్నాను. "బస్సెక్కు, కాదనను. కానీ మా అమ్మని తీసుకుని మీ ఇంటికి రానివ్వు."

 ఎమ్నా పెన్ను తీసి, గడిలో ఒక అంకె వేసి, నాకు చూపించింది. రెండు.

"రెండేనా?" ఇరవై మంది ఒక్కసారే గోల. "అన్యాయం అక్కా, అన్నకి ఐదివ్వు."

"ఇవాళే ఐదిస్తే, రేపు పెరగడానికి చోటెక్కడుంటుందిరా? కావాలంటే మీ లెక్కల మాస్టార్నే అడగండి." ఆ ఫారం మడిచి నా చొక్కా జేబులో పెట్టింది. ఈసారి అట్ట అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది. "మిగతా మూడూ శుక్రవారం, స్ఫాక్స్‌లో. అమ్మతోపాటు పెన్ను కూడా తెచ్చుకో. మా నాన్న నాకంటే పిసినారిగా మార్కులు వేస్తాడు."