పేరు పెట్టి పిలవని గని

బేతంచెర్ల దాటి, పాలిష్ ఫ్యాక్టరీల తెల్లటి బురద కాలవ వెంబడి పోతే, ఎడమచేతికి ఒక పాత నాపరాతి గని ఉంది. ఆ గని దగ్గర ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. పగలు కూడా.

ఎందుకని అడిగితే పెద్దవాళ్లు గొంతు తగ్గిస్తారు.

"అది పిలుస్తాదప్పా..."

ఏది పిలుస్తుంది అంటే మాత్రం మాట మార్చి, వాన సంగతి ఎత్తుకుంటారు.

దయ్యాలు లేవని బల్ల గుద్ది వాదించేవాళ్లుంటే మంచిదే, వాదించండి. కానీ ముందు ఇది వినండి. విన్నది విన్నట్టే చెబుతున్నా, ఒక్క ముక్క కలపలేదు.

చాలా ఏళ్ల కిందట దావీదురాజు అని ఒకాయన ఆ గనిలో బండలు తీసేవాడు. ఒక రోజు పని ముగించి, మసక చీకట్లో గని అంచున నడిచి వస్తున్నాడు. ఎవరో పిలిచారు.

"దావీదూ..."

"ఆ... వస్తాండా" అన్నాడు. పిలుపు వచ్చిన వైపు తిరిగాడు. ఒక్క అడుగు వేశాడు.

అంతే.

పిలిచింది తోటి కూలీ. అంచు దగ్గర పడిపోతావు అని చెప్పడానికే పిలిచాడు. అతను ఉన్నది వెనక. గొంతు మాత్రం ఎదుటి రాతిగోడకు తగిలి, ముందునుంచి వచ్చింది. ఇది చదువుకున్నవాళ్లు చెప్పే లెక్క. ఊరు చెప్పే లెక్క వేరే — పిలిచింది ఆ కూలీ కాదు, గనే.

ఏ లెక్క నిజమైతేనేం, మనిషి పోయాడు. ఆనాటినుంచి అక్కడ పేర్లు ఆగిపోయాయి. ఎవరినైనా పిలవాలంటే చేతిలోని సుత్తితోనో, గులకరాయితోనో బండ మీద కొడతారు. ఒక్కో మనిషికి ఒక్కో దెబ్బల వరస. ఎవరి వరస వాళ్లకు తెలుసు. వినపడగానే వేస్తున్న అడుగు ఆపేయాలి. శబ్దం ఏ వైపునుంచి వచ్చిందని చూడకూడదు. తాము నడిచి వచ్చిన దారినే వెనక్కి మళ్లాలి. అదీ కట్టుబాటు.

దావీదురాజు భార్య సంతోషమ్మ ఆ కట్టుబాటును ఇంటికి కూడా తెచ్చుకుంది. మొగుడు పోయినంక అదే గనిలో బండలు మోసింది, అదే దుమ్ము పీల్చింది. కన్నకూతుర్ని మాత్రం ఒక్కనాడూ పేరు పెట్టి కేకెయ్యలేదు. వాకిట్లో పరిచిన నాపరాయి మీద గుండ్రాయి తీసి కొట్టేది. టక్ టక్... టక్. అంటే అన్నానికి రమ్మని.

కూతురు కృపారాణి ఎక్కడున్నా "ఆ, వస్తాండా" అని అరిచేది. వచ్చేది కాదు. అప్పుడు రెండోసారి, ఇంకా గట్టిగా. టక్ టక్... టక్.

"ఒక్కసారికి కదలదమ్మా ఇది! రెండోసారి కొట్టాల్సిందే" అని సంతోషమ్మ పక్కింటివాళ్లకు చెప్పుకునేది. "మూడోసారి నేను కొట్టను. అన్నం కుక్కకు ఏస్తా, అంతే."

మూడోసారి దాకా ఏనాడూ రాలేదు.

ఈ వేసవిలో సంతోషమ్మ పోయింది. అన్నేళ్ల రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిందన్నారు. కృపారాణి కర్నూలులో, కల్లూరు వైపు ఒక సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తుంది. కబురు అందింది, వచ్చింది. పెట్టె మూశారు, చూసింది. మట్టి వేయమన్నారు, వేసింది.

ఏడవలేదు.

"రాయి కడుపున రాయే పుట్టినాది" అంది చిన్నమ్మ రెజీనా, వచ్చినోళ్లందరికీ వినపడేలా. "ఒక్క సుక్క... ఒక్క సుక్కన్నా రాల్చిందా?"

కృపారాణికి కోపం కూడా రాలేదు. పన్ను పీకడానికి సూది వేశాక దవడ ఉంటుందే — ముట్టుకుంటే ముట్టుకున్నట్టు తెలుస్తుంది, అది నీదన్నట్టు తెలియదు — మనిషంతా అట్లా ఉంది. తింటోంది. పడుకుంటోంది. అడిగినదానికి జవాబు చెబుతోంది. లోపల ఒక్కటే తిరుగుతోంది. అమ్మ గొంతు ఎట్లుండేది?

గుర్తు రావడం లేదు.

ఫొటోలున్నాయి. గొంతు లేదు. ఫోన్ చేస్తే సంతోషమ్మ రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది. వాయిస్ మెసేజ్ పంపడం ఆమెకు రాదు. ఇంకో రెండు నెలలు పోతే, ఆ గొంతు విన్నాననే సంగతి కూడా చెరిగిపోతుందేమో. కృపారాణికి మిగిలిన భయం అదొక్కటే.

అప్పుడు గుర్తొచ్చాడు శామ్.

శామ్ చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. పోయిన క్రిస్మస్‌కు ముందు చర్చి పాటల బృందం చేత ఒక కీర్తన పాడించి, రికార్డు చేసి, పాటల యాప్‌లో పెట్టాడు. పాడినవాళ్లలో సంతోషమ్మ ఒకతె. ఆ పాట కృపారాణి ఫోన్లో ఎన్నిసార్లు విన్నదో. అందరి గొంతులూ కలిసి రాగిసంగటి ముద్దలా వస్తాయి. అందులో అమ్మ ఎక్కడ?

"ఫోన్ స్పీకర్లో ఇంటే అట్లనే ఉంటాది పాపా" అన్నాడు శామ్. తన హెడ్‌ఫోన్లు తీసుకొచ్చి చేతికిచ్చాడు. చెవుల్ని పూర్తిగా మూసేసే పెద్దవి. "ఇవి పెట్టుకో. వైరు తగిలించుకోనే ఇను. యాప్‌లో లాస్‌లెస్ అని ఉంటాది, అది నొక్కు. స్పేషియల్ అని ఇంకోటి, అదీ నొక్కు."

"షాపులో రోజూ అమ్ముతాండా శామన్నా ఇవి. నాకే పాఠం చెప్తాండావా?"

"అమ్ముతాండావులే... ఎన్నడన్నా ఇన్నావా?"

వినలేదు. నిజమే.

"మామూలుగా పంపేటప్పుడు పాటను కుక్కి, చిన్న శబ్దాలన్నీ పారేసి పంపిస్తారు. ఇది అట్ల కాదు. గాలి పీల్చింది కూడా పోదు. ఇంకోటి... నేను మైకు నడిమధ్యన పెట్టి, అందర్నీ చుట్టూ నిలబెట్టినా. కాబట్టి ఎవరు యాడ నిలబడినారో ఆ పక్కనుంచే ఇనపడతారు. నువ్వు తల తిప్పినా వాళ్లు తిరగరు. ఉన్నతావునే ఉంటారు."

"అమ్మ ఏ పక్క?"

శామ్ గాల్లో వేలితో ఆనాటి వరస గీసుకున్నాడు. "మైకు తావున నిలబడి గుట్ట మీది సెల్ టవరుకల్ల జూస్తే... ఎడమ పక్క. చివరన."

రికార్డు చేసింది ఎక్కడో చెప్పలేదు కదూ. ఆ గనిలోనే. చర్చిలో ఫ్యాన్ల రొద, రోడ్డు మీద లారీల రొద. అప్పటికి పని ఆగి మూతపడిన గనిలో అయితే మూడు పక్కలా రాతిగోడ, గొంతు గంటలా మోగుతుందని శామ్ పట్టుబట్టాడు. మొగుణ్ణి మింగిన గనికి సంతోషమ్మ వస్తుందని ఎవరూ అనుకోలేదు. "పాటకైతే వస్తా" అని వచ్చింది. ఆ రోజు కృపారాణి కూడా సెలవు పెట్టి వచ్చి, పక్కన తిరుగుతూ ఫొటోలు తీసింది.

ఇంట్లో వినాలని చూసింది. రెజీనా శోకాలు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. పొద్దు వాలాక హెడ్‌ఫోన్లు మెడకు తగిలించుకొని బయల్దేరింది.

"యాడికే ఈ యాళప్పుడు?" అంది రెజీనా.

"ఈడికే."

గనికి అని తెలిస్తే కాళ్లు పట్టుకొని ఆపేది. కృపారాణికి మాత్రం భయం లేదు. ధైర్యం అనుకునేరు, కాదు. భయపడాలన్నా లోపల ఏదో ఒకటి కదలాలి గదా.

చేరేసరికి చీకటి పడింది. ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. గాలి లేదు. గుట్ట మీద సెల్ టవరు ఎర్రదీపం వెలుగుతోంది... ఆరుతోంది.

ఫోన్ తెర వెలుగులో మైకు పెట్టిన చోటు గుర్తుపట్టింది. అక్కడ బండ మీద శామ్ సుద్దతో వేసిన గుర్తు ఇంకా మసకగా ఉంది. దాని మీద నిలబడి టవరు వైపు తిరిగింది. ఫోన్ జేబులో పెట్టుకుంది. హెడ్‌ఫోన్లు చెవులకు బిగించింది.

ప్రపంచం ఆగిపోయింది. కీచురాళ్లు లేవు. తన ఊపిరి లేదు.

పాట మొదలైంది.

ముందు ఎవరో గొంతు సవరించుకున్నారు... కుడిపక్కన. ఎవరిదో చీర కొంగు రెపరెపలాడింది. వాళ్లంతా ఉన్నారు. చుట్టూ ఉన్నారు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా, ఒక్కొక్కరు, విడివిడిగా. చీకట్లో ఒక్క మనిషీ లేడు... గొంతులు మాత్రం వరసగా నిలబడి పాడుతున్నాయి.

ఎడమ పక్కకు చెవి పెట్టింది. వరస చివరకు.

అక్కడ.

సన్నగా, కొద్దిగా గరుకుగా, ప్రతి చరణం చివరా ఊపిరి చాలక తెగిపోయే గొంతు.

అమ్మ.

ఏమైనా అవుతుందనుకుంది. ఏమీ కాలేదు. కన్ను తడవలేదు. లోపల సూది వేసిన చోటు అట్లాగే ఉంది. ఇంకా దగ్గరగా వింటేనో?

ఎడమకు తిరిగింది. శామ్ చెప్పినట్టే గొంతు కదల్లేదు. ఇప్పుడు సరిగ్గా ఎదురుగా వచ్చింది. ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు. ఎన్ని వేసినా గొంతు అంతే దూరంలో ఉంది... పాడుకుంటూ ముందు నడుస్తున్నట్టు.

అప్పుడు గొంతు ఆగింది. మిగతా అందరూ పాడుతూనే ఉన్నారు. అమ్మ ఒక్కతే ఆగింది. ఆగి...

టక్ టక్... టక్.

రాయి మీద రాయి. ఎదురుగా.

కృపారాణి కట్టుబాటు మరిచిపోయింది. వెనక్కి మళ్లలేదు.

"ఆ... వస్తాండా" అంది.

తను అన్నది తనకే వినపడలేదు. అడుగు ముందుకే పడింది. ఇంకో అడుగుకు కాలు లేచింది —

టక్ టక్... టక్!

వెనకనుంచి. గట్టిగా. వీపు మీద కొట్టినట్టు.

కాలు దానంతటదే వెనక్కి వచ్చింది. ఆలోచించి కాదు. పసితనంనుంచి ఒళ్లు నేర్చుకున్న సంగతి అది, రెండోసారి కొడితే ఇంటికి పోవాలని. గిరుక్కున వెనక్కి తిరిగింది. తిరిగినప్పుడు మడమ కింద ఏదో జారింది.

ఎవరూ లేరు. టవరు ఎర్రదీపం వెలిగిన క్షణంలో సుద్ద గుర్తున్న బండ. దాని వెనక రాతిగోడ. అంతే.

హెడ్‌ఫోన్లు లాగేసింది. అప్పుడు వినపడింది... ఎక్కడో చాలా కింద, రాయి నీళ్లలో పడిన చప్పుడు.

చేతులు వణక్కుండానే ఫోన్ లైటు వేసింది. ఒక్క అడుగు అవతల నేల లేదు. మిషన్లతో నిలువునా కోసిన గోడ. పాట పాడించిన తర్వాత ఎప్పుడో గనిని మళ్లీ తెరిచి, ఆ పక్కంతా కోసుకుపోయారు. అమ్మ నిలబడిన బండ ఇప్పుడు ఏ ఊళ్లో ఎవరింటి నేలగా పరిచి ఉందో. ఆమె గొంతు పాడిన చోట ఉత్త గాలి ఉంది, కింద నల్లటి నీళ్లున్నాయి.

ఇంటికి ఎట్లా వచ్చిందో తెలియదు. పడుకుంది. నిద్ర కూడా పోయింది.

మరుసటి రోజు పొద్దున్నే హెడ్‌ఫోన్లు తిరిగివ్వడానికి శామ్ ఇంటికి పోయింది. జరిగింది చెప్పింది, ఏ షాపు సంగతో చెప్పినట్టు. వింటూ వింటూ శామ్ కుర్చీలో కూలబడ్డాడు.

"అయ్యో దేవుడా... ఆ పక్క కోసినారని నాకు తెలీదు పాపా. తెలిస్తే నీకు తావు చెప్తానా?" చాలాసేపు మొహం తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఆ దెబ్బ మాత్రం దయ్యం కాదు. భయపడొద్దు. అది పెద్దమ్మే."

"అమ్మా?"

"పాట నడస్తాండంగ నువ్వు ఫోన్ పట్టుకోని అంచు దాకా పోయినావు ఆ దినం. పెద్దమ్మ పాట ఆపేసి, వంగి రాయి తీసుకోని కొట్టింది. రికార్డులో పడిపోయింది. తీసేద్దామనుకున్నా... చేతులు రాలే. మామూలు ఫోన్లో ఇనపడదులే అని వదిలేసినా."

కృపారాణికి అదంతా గుర్తు లేదు. పుట్టినప్పటినుంచి విన్న చప్పుడు. ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

అంటే అంతే సంగతి. చీకట్లో గని పిలవలేదు, ఏదీ పిలవలేదు. ఒక అమ్మ కూతుర్ని అంచునుంచి వెనక్కి పిలిచింది. ఆ పిలుపు ఏమీ తరగకుండా, ఏమీ పోకుండా దాచి ఉంది.

"ఇనిపించు" అంది.

శామ్ ఇంకో జత చెవులకు పెట్టుకున్నాడు. ఇద్దరూ విన్నారు. చరణం వచ్చింది. గొంతు ఆగింది. టక్ టక్... టక్. మళ్లీ గొంతు అందుకుంది. పాట చివరిదాకా నడిచి ఆగిపోయింది.

"రెండోది యాడ?" అంది కృపారాణి.

"రెండోది ఏంది?"

"ఎనకనుంచి. గట్టిగా కొట్టింది."

శామ్ ఆమె మొహంలోకి చూశాడు. "ఒక్కసారే ఉండాది పాపా. ముందర పక్కనుంచే. రెండోసారి ఎందుకు కొడతాది? ఆ దినం నువ్వు ఒక్కసారికే మళ్లినావు గదా. పెద్దమ్మ నన్ను జూసి నవ్వింది కూడా. 'ఏందో శామూ, ఈ పొద్దు ఒక్కసారికే ఇన్నాది నా బిడ్డ' అని..."

శామ్ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఫ్యాన్ తిరుగుతోంది. హెడ్‌ఫోన్లలోంచి ఇప్పుడు ఏ చప్పుడూ రావడం లేదు.

"బయటినుంచేమో... ఎవరన్నా..." అని మొదలుపెట్టి, ఆ హెడ్‌ఫోన్ల వైపు చూసి తనే ఊరుకున్నాడు. అవి పెట్టుకుంటే బయటిది ఏదీ లోపలికి రాదని ఆ ఇద్దరికీ తెలుసు.

కృపారాణి లేచి నిలబడింది. చెంపలు రెండూ తడిసి ఉన్నాయి. ఆమెకు తెలియలేదు, శామ్ చూశాడు.

"యాడికి పోతాండావు?"

"ఇంటికి."

"కూచో, టీ తాగి పోదువు. ఏం తొందర?"

ఆమె అప్పటికే వాకిలి దాటింది. నడక కాదది, పరుగు. ఆ ఇంట్లో మూడోసారి పిలిపించుకునే అలవాటు లేదు.