నలభై అడుగుల అవతలి గొంతు

పైపుల గది పేరెత్తితే ఆ కాలేజీలో తాగుతున్న నీళ్ళు కూడా గొంతులో ఆగిపోయేవి. పంపు ఆపేసినా పైపులు మూలుగుతాయనీ, చీకటి పడ్డాక అక్కడ ఒంటరిగా ఉండకూడదనీ చెప్పుకునేవారు. ఈ కథ నా నోట విన్న ఓ పోలీసాయన, గుండె రాయిలాంటి మనిషి, వారం రోజులు కుళాయి తిప్పలేదు — ఇక మీ ఇష్టం.

అక్కడ పరిశోధన చేసేవాణ్ణి అందరూ గడ్డం అనేవారు. డిగ్రీ వచ్చేదాకా గీసుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. ఏడేళ్ళయింది. పైపులో పారే నీళ్ళు గోడల రాపిడికి ఎంత బలం పోగొట్టుకుంటాయో కొలవడం అతని పని.

"నీళ్ళ బలం సంగతి సరే అల్లుడూ, ముందు నీ బలం పోతోంది చూసుకో," అనేది అత్తగారు.

చివరికి ఆ రోజు వచ్చేసింది — మర్నాడు పొద్దున పదికి ఆఖరి గడువు. ప్రొఫెసర్‌కి కొలతలు ఇవ్వకపోతే ఏడేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే. పగలైతే భవనంలో ఎవరో ఒకరు కుళాయి విప్పుతూనే ఉంటారు, ధార నిలకడగా ఉండదు. అందుకే రాత్రి. పైగా ఆ పనికి ఇద్దరు కావాలి — ఒకరు ఈ చివర వాల్వు తిప్పాలి, ఇంకొకరు నలభై అడుగుల అవతల గాజుగొట్టంలో మట్టం చూసి అంకె చెప్పాలి.

పంపు నడిపే తాత తొమ్మిదికే ఇంటికి బయల్దేరుతూ తువ్వాలు దులిపాడు.

"నువ్వూ వచ్చెయ్ బాబూ. ఈ గదితో పంతాలు వద్దు."

"మోటారు వేసి వెళ్ళు తాతా. నేను చూసుకుంటా."

ఒక్కడే మిగిలాడు. వాల్వు తిప్పడం, అవతలికి పరుగెత్తడం, మళ్ళీ వెనక్కి... ఆ రాత్రి అతను పరుగెత్తిన దూరం పరిస్తే ఊరిని నాలుగుసార్లు చుట్టి రావచ్చు. అతను చేరేసరికి మట్టం జారిపోయేది. పన్నెండయింది. ఒక్క అంకె కూడా కుదరలేదు.

మళ్ళీ వాల్వు తిప్పాడు.

"పదమూడు పాయింట్ నాలుగు."

అవతలి చివర... చీకట్లోంచి... గుసగుసలా.

"తాతా, నువ్వేనా?"

అడుగుతుండగానే చెయ్యి అంకె రాసేసింది. ఇంకో చుట్టు తిప్పాడు.

"పద్దెనిమిది పాయింట్ తొమ్మిది."

లెక్క కట్టి చూశాడు. గ్రాఫు గీత మీద ముత్యంలా కూర్చుంది. ఏడేళ్ళలో ఒక్కసారీ అలా కూర్చోలేదు. లేచి నలభై అడుగులు నడిస్తే ఎవరో తెలిసిపోయేది. నడవలేదు — నడిస్తే ఆ గొంతు ఆగిపోతుందేమోనని. ముప్పై అంకెలు తలొంచుకుని రాశాడు.

పొద్దున గడ్డం గీయించుకుని మరీ ప్రొఫెసర్ గదికి వెళ్ళాడు.

ప్రొఫెసర్ కాగితాలు చూశారు. బీరువాలోంచి తన సొంత థీసిస్, ముప్పై ఏళ్ళనాటిది, తీసి పక్కన పరిచారు. ముప్పై అంకెలూ అవే. పాయింటు కూడా తేడా లేదు.

"నా ఇంట్లో దొంగిలించి నాకే అమ్మజూపుతావా నాయనా?"

"మీ పుస్తకం నేనెప్పుడూ తెరవలేదు సార్. ఎవరో... అవతలినుంచి చెబుతుంటే రాసుకున్నాను."

ప్రొఫెసర్ లేచారు. తలుపు మూసి గడియ పెట్టారు. దగ్గరగా వచ్చి, లోగొంతుకతో అడిగారు —

"చివరి అంకె చెప్పాక... ఆ గొంతు ఏడ్చిందా?"

ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. తల ఊపాడు.

"బయట అనకు. పిచ్చివాడంటారు," అన్నారు ప్రొఫెసర్. కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, ఆ కాగితాల మీద 'కాపీ' అని రాసి, నింపాదిగా సంతకం పెట్టారు.