కడగని లొట్టి

"ఎవలు ముట్టిన్రే లొట్లను? ఈ ఇంట్ల ఎవలు మైల జేసిన్రు?"

పోశవ్వ కేక వాకిలి దాటి వీధి చివరి దాకా వినిపించింది. అరుగు మీద ఆమె కొడుకు సదానందం తల పట్టుకుని కూర్చున్నాడు. అతని ముందు బిందెలో కల్లు... నురుగు లేదు, పొంగు లేదు, ఘాటు లేదు! శివరాత్రి వెళ్లాక తాటిచెట్లకు కట్టిన కొత్త సీజను మట్టి లొట్లలోని కల్లు అది. దానికోసమే ఇన్నాళ్లూ ఎదురుచూసిన గిరాకీ కల్లు మండువకు వచ్చి, ఒక్క గుక్క తాగి, ముఖం చిట్లించి లేచిపోయింది. "కల్లు పొయ్యమంటే చక్కెరనీళ్లు పోస్తున్నవేందే సదానందం?" అని ఎవరో నవ్వుతూ అన్నారట. చొప్పదండి చుట్టుపక్కల సదానందం కల్లంటే ఒక పేరుంది. మీసం మొలవకముందు నుంచీ చెట్టెక్కుతున్న ఆ మనిషికి, ఆ మాట వినడం కన్నా చెట్టు మీంచి జారిపడటమే నయమనిపించింది.

అన్ని లొట్లూ అలాగే ఉంటే కాలం బాగాలేదని సరిపెట్టుకునేవాళ్లేమో! కానీ ఒక్క లొట్టిలో మాత్రం కల్లు బుసబుసా పొంగింది. అది పోశవ్వ భర్త, చనిపోయిన రాజయ్య తాత లొట్టి. ఏడాదంతా దేవుని మూలలో ఉంటుంది. సీజను మొదలైన రోజు ఎల్లమ్మ పేరు చెప్పి దాన్ని మొదటి చెట్టుకు కడతారు. మిగతా లొట్లన్నీ అటక మీద ఉంటాయి.

"సూసిన్రా! తల్లి తన లొట్టిని తను కాపాడుకున్నది. అటుక మీదియే మైలవడ్డయి. సెప్పుండ్రి, ఎవలు ముట్టిన్రు?"

తలుపు చాటున నిలబడ్డ అలేఖ్య ఒక అడుగు వెనక్కి వేసింది. సదానందం ఒక్కగానొక్క కూతురు ఆమె. కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం మైక్రోబయాలజీ చదువుతోంది. పోయిన ఆదివారం ఇంటికొచ్చినప్పుడు అందరూ పొలానికి వెళ్లారు. అటక మీద లొట్లు చూసింది. అడుగున ఎండిపోయిన మడ్డి, పాత వాసన... 'ఛీ! మేడం చూస్తే ఏమంటారు?' అనుకుంది. ప్రయోగశాలలో ఏ సీసా అయినా వేడి చేసి శుభ్రం చేశాకే వాడాలని నేర్చుకున్న పిల్ల కదా! నీళ్లు మరిగించి, సోడా వేసి, కొబ్బరిపీచుతో ఒక్కో లొట్టినీ అరిగేలా తోమింది. ఎండబెట్టి మళ్లీ అటకెక్కించింది. బాపు చూసి మెచ్చుకున్నాక చెబుదామని మురిసిపోయింది. దేవుని మూల ముట్టుకోవడానికి భయపడి తాత లొట్టిని మాత్రం వదిలేసింది.

చెప్పెయ్యాలి... ఇప్పుడే చెప్పెయ్యాలి! నోరు తెరిచింది. అంతలో వంటింట్లోంచి తల్లి అనసూర్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"నేనే అత్తా... నేనే ముట్టిన. నెల దినాలల్ల ఉన్న సంగతి మర్సి, అటుక మీదికెళ్లి లొట్లు దించిన. తప్పయింది... కాళ్లు మొక్కుత!"

సదానందం తలెత్తి భార్యను ఒక్కసారి చూసి, మళ్లీ దించుకున్నాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది! పోశవ్వ కాసేపు పళ్లు నూరి, తీర్పు చెప్పింది. బోనాల దాకా అనసూర్య ఒంటిపూట తిని ఉపవాసముండాలి. ఎల్లమ్మ బోనం ఈ ఏటి నుంచి ఆమె ఎత్తకూడదు. చిన్నకోడలు నవత ఎత్తుతుంది. కాపురానికి వచ్చిన ఏటి నుంచి ఆ బోనం అనసూర్య తల మీదే ఉంది. డప్పుల ముందు ఆమె నడుస్తుంటే, ఆ ఒక్కరోజు ఈ ఇంటికి ఆమె మహారాణిలా ఉండేది. అలాంటిది... "మంచిది అత్తా" అని మాత్రం అంది ఆ తల్లి.

అలేఖ్య నోరు మళ్లీ మూతపడింది. ఎందుకు? భయం! 'ఆడపిల్లకు గీ కాలేజీలెందుకు' అని బంధువులంతా అన్నప్పుడు బాపు ఒక్కడే ఎదురు నిలబడి చేర్పించాడు. ఆ చదువే ఆయన బతుకు మీద దెబ్బ కొట్టిందని తెలిస్తే? తెల్లారేసరికి పుస్తకాలు అటకెక్కుతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. అది తలుచుకుంటేనే ఆమెకు సిగ్గేసేది. తల్లి కన్నీళ్లు పెట్టుకుంటున్న ఆ ఘడియలోనే ఆమె బుర్రలో ఒక ప్రశ్న మెరిసింది. కడిగిన లొట్లు పొంగలేదు, కడగని లొట్టి పొంగింది... ఎందుకు? పరీక్షలో ఎవరూ అడగని ప్రశ్న! ఏడవాల్సిన చోట కుతూహలం పుట్టిన తన మనసు మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు బస్సెక్కే ముందు, తాత లొట్టి అడుగు మడ్డి కొంచెం ఒక సీసాలో, తను తోమిన లొట్టిలో పోసి తిప్పిన నీళ్లు మరో సీసాలో పట్టుకుని సంచిలో దాచుకుంది. అనసూర్య వేడివేడి సర్వపిండి రొట్టెలు డబ్బాలో పెట్టి చేతికిచ్చింది. "తొవ్వల తిను బిడ్డా. జర మొకం గట్ల పెట్టకు, నాకేం గాలే" అంది. ఆమె మాత్రం పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

కాలేజీలో మమతారాణి మేడం ఆ రెండు సీసాలనూ వెలుతురుకు పట్టి చూసి, ఏమీ అడగకుండా సూక్ష్మజీవులను పెంచే రెండు మూత ప్లేట్లు ఇచ్చారు. సీసాల్లోది వాటి మీద ఎలా పూయాలో చూపించారు. రెండు రోజులకు మూత తీసి చూస్తే... అబ్బ! తాత లొట్టి ప్లేటు నిండా పాలచుక్కల్లాంటి తెల్లటి బొట్లు. రెండో ప్లేటు దాదాపు ఖాళీ! ఒక బొట్టును తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. గుండ్రటి కణాలు... ఒక్కోదానికి పక్కన చిన్న మొగ్గ... చంకన బిడ్డను వేసుకున్న తల్లుల్లా ఎన్నెన్నో! అన్నీ బతికున్నాయి! అలేఖ్య కన్ను తీయలేకపోయింది. మధ్యాహ్నం భోజనం మరిచిపోయింది. హాస్టల్ గంట వినిపించలేదు. చూస్తూ చూస్తూ నవ్వేసింది.

ఆ నవ్వు తన చెవిన పడగానే ఉలిక్కిపడింది. అక్కడ నన్ను కన్న అవ్వ కడుపు మాడ్చుకుంటుంటే... ఇక్కడ నేను నవ్వుతున్నానా! ఆ క్షణంలో ఆ గదిలోంచి పారిపోవాలనిపించింది. కానీ కన్ను మళ్లీ ఆ గాజు మీదికే పోయింది.

"ప్రాక్టికల్ అంటే గడియారం చూసేదానివి కదా! ఏమైంది నీకు?" అని మేడం నవ్వారు. తర్వాత నెమ్మదిగా వివరించారు. పాత లొట్టి మట్టి సందుల్లో ఏళ్ల తరబడి ఈస్ట్ కాపురం ఉంటుందట. కల్లును తొందరగా పొంగించేది అదే. మరిగిన నీళ్లు, సోడా దాన్ని చంపేస్తాయి. వాడగా వాడగా మళ్లీ కొత్తది చేరుతుంది, కంగారు లేదు. "మంచి ప్రాజెక్టు అవుతుంది అలేఖ్యా, నువ్వే చెయ్యి. ఇంతకీ లొట్లు కడిగిందెవరు?"

"ఎవరో... మా ఇంట్లో ఎవరో, మేడం."

ఇక్కడ కూడా అబద్ధమే! రాజయ్య తాత లొట్టి ఈస్ట్‌కు రోజూ చక్కెర ద్రావణం పోసి పెంచుతూనే ఉంది. 'ఇది తేలనీ, అప్పుడు చెబుతా... అదొక్కటి చూసి చెబుతా' అని వాయిదా వేసుకుంటూనే ఉంది. పనిలో ఉన్నంతసేపూ ఒళ్లు తెలియని సంతోషం. గది తలుపు మూసి బయటికి రాగానే కళ్ల ముందు తల్లి ముఖం...

ఒకరోజు అనసూర్యే ఫోన్ చేసింది. "బిడ్డా, లొట్లన్నీ పొంగుతున్నయే! మీ బాపు మండువల నవ్వుకుంట కూసున్నడు. నా ఉపాసం ఎల్లమ్మకు ముట్టింది!"

అలేఖ్య గుండె తేలికపడింది. ఇక చెప్పక్కర్లేదు! అంతా సర్దుకుంది, ఎవరికీ నష్టం లేదు...

"మరి... బోనం అవ్వా?"

"నవత ఎత్తుకుంటది బిడ్డా. ఇగ ఎప్పటికీ ఆమెనే. నాకేం ఫికర్ లేదు. నువ్వు మంచిగ సదువుకో..."

ఆ 'ఎప్పటికీ' అన్న మాట తర్వాత అలేఖ్యకు ప్లేట్ల ముందు కూర్చోబుద్ధి కాలేదు.

బోనాల రోజు ఆమె ఊరు చేరేసరికి వాకిట్లో డప్పులు మొదలయ్యాయి. పసుపు పూసి, వేపాకు చుట్టి, పైన దీపం పెట్టిన బోనాన్ని పోశవ్వ చేతుల్లోకి ఎత్తింది. నవత తల వంచి నిలబడింది. ఎక్కడో వెనక, గోడకు ఆనుకుని అనసూర్య... చెంపలు పీక్కుపోయి, రవిక వదులైపోయి! చూసిన అలేఖ్య జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"బాపమ్మా, ఆగు! అవ్వ ముట్టలే! లొట్లు కడిగింది నేను! ఉడుకునీళ్లు, సోడా పోసి తోమింది నేను!"

డప్పు ఆగింది. అనసూర్య పరుగున వచ్చి కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "దానికేం ఎరుకలేదత్తా! నా మీది పాణంతోని ఏదో అంటున్నది... నువ్వు ఊకో బిడ్డా, ఊకో!"

అలేఖ్య ఆ చెయ్యి తప్పించి, టిఫిన్ డబ్బాలోంచి రెండు ప్లేట్లూ తీసి తండ్రి ముందు పెట్టింది. వెక్కుతూ వెక్కుతూ చెప్పింది. ఏది తాత లొట్టిదో, ఏది తను తోమినదో, ఏవి బతికాయో, ఏవి తన చేతిలో చచ్చాయో... "కల్లును పొంగించేది గివే బాపూ. నేనే సంపిన. మొదటి దినమే నాకెరుక. నువ్వు కాలేజీ బంద్ వెడ్తవని సెప్పలే!"

సదానందం ఆ తెల్లటి బొట్లను చాలాసేపు చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "మరి నువ్వు ముట్టిన అన్నవు?"

అనసూర్య తల దించుకుంది. "నేను అటుకే ఎక్కలే. బాయికాడి బండ మీద సోడా తెల్లగ కనవడ్డది. కొబ్బరిపీచు కనవడ్డది. ఎవల పనో తెలిసింది... దాని పేరు బయటికొస్తే దాని సదువు ఆగుతదని... నా మీదేసుకున్న."

అంటే అవ్వకు అన్నీ తెలుసు! తెలిసే సర్వపిండి కట్టిచ్చింది. తెలిసే పస్తులుంది! అలేఖ్య నిలువునా కూలి తల్లి కాళ్లు పట్టుకుంది. సదానందం భార్య దగ్గరికి వచ్చాడు. "నన్ను గట్లెందుకు అనుకున్నవే? నేను దాని సదువు బంద్ వెడ్తనా?" అన్నాడు. ఆ రోజు భార్య తరఫున ఒక్క మాట అనకుండా తల దించుకున్న మనిషి తనే కదా! అది గుర్తొచ్చిందో ఏమో, మళ్లీ అదే మాట అనలేకపోయాడు.

నవత బోనాన్ని అత్త చేతుల్లోంచి అందుకుని అనసూర్య ముందుకు తెచ్చింది. "నాకు మెడనొప్పి అక్కా, నీ బరువు నువ్వే మొయ్యి" అంది, కళ్లు తుడుచుకుంటూ. పోశవ్వ కోడలి తల మీద చుట్టకుదురు తానే సర్దింది. మనవరాలి వైపు మాత్రం నిష్ఠూరంగా చూసింది.

"లొట్లు కడుగుడు తప్పు గాదే పిల్లా, ఎరుకలేక జేసినవు. ఎరుకుండి, మీ అవ్వ పస్తులుంటే సూసుకుంట కూసున్నవు సూడు... గది తప్పు."

అలేఖ్య ప్లేట్లను మళ్లీ డబ్బాలో పెట్టి, తల్లి వెనకే గుడికి నడిచింది.

సాయంత్రం గుడి నుంచి వచ్చాక, బోనం బువ్వ ముందు పెట్టుకుని అనసూర్య ఆ ప్లేటును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "గివి ఏం తింటయే?"

"చక్కెర అవ్వా... దినాం పెడ్త."

"మంచిది బిడ్డా. నేను పస్తున్నన్ని దినాలు గివన్న కడుపునిండ తిన్నయి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే సంతోషపడింది ఆ తల్లి. ఎత్తిపొడిచి ఉంటే అలేఖ్య తట్టుకునేదేమో! ప్లేటును మెల్లగా తల్లి చేతిలోంచి తీసి పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని వచ్చి, బువ్వ కలిపి, మొదటి ముద్ద ఆమె నోటికి అందించింది. అవ్వ నమిలి మింగేదాకా ఆమెనే చూస్తూ కూర్చుంది.