గొడుగు తిప్పితే గొడవే

"ఈ గడియార స్తంభాన్ని కట్టింది వందమంది కాఫీ మేస్త్రీలు నాన్నా!" అన్నాడు అబ్బాయి, చెయ్యి ఠీవిగా పైకెత్తి.

నాన్న కనుబొమ్మ గడియారం ముల్లులా పైకి లేచింది. "కాఫీకి మేస్త్రీలేంట్రా?"

"అంటే... పని మధ్యలో కాఫీ ఎక్కువ తాగేవాళ్లు."

"ఇసుకలో పంచదార కలపలేదు, సంతోషం," అంది పెద్దమ్మ.

కాస్త దూరంలో పసుపు గొడుగు ఎత్తిపట్టుకుని తన గుంపుకి ఊరు చూపిస్తున్న గైడమ్మాయి గిరుక్కున వెనక్కి తిరిగింది. మరుక్షణం అబ్బాయి ఎడమ చెవిలో ఓ గొంతు గుచ్చుకుంది. "తాపీ మేస్త్రీలు. తా... పీ. వెనకాల ఉన్నవాళ్లు కాస్త తాపీగా వినాలి."

అబ్బాయి టోపీ కిందికి లాక్కున్నాడు. టోపీ కింద చెవి, చెవిలో ఇయర్‌ఫోన్, ఇయర్‌ఫోన్‌లో ఆ అమ్మాయి. పైనుంచి కిందిదాకా అతని రహస్యం ఇదీ.

అబ్బాయి ఈ మహానగరానికి ఉద్యోగానికొచ్చి ఏడాదైంది. బాబాయి ఇంట్లో మకాం. ఆఫీసులో హెడ్‌సెట్ తగిలించుకుని, వాషింగ్ మెషీన్లు పాడైనవాళ్ల తిట్లు విని, వాటిని మర్యాదగా మార్చి పైవాళ్లకి చెప్పడం పని. బాబాయి ఇల్లు, ఆఫీసు, మధ్యలో బస్సు. అతనికి తెలిసిన మహానగరం అంతే. ఫోన్‌లో మాత్రం "ఊరు నా అరచేతిలో ఉంది నాన్నా" అని కోతలు కోసేవాడు.

ఆ కోతలన్నీ నమ్మి, వేసవి సెలవులకి నాన్న, పెద్దమ్మ, చెల్లి బాబాయి ఇంట్లో దిగారు. దిగీదిగగానే నాన్న తీర్పు చెప్పేశాడు. "రేపు ఊరంతా నువ్వే చూపించాలి. ఏడాదిలో ఊరే తెలుసుకోనివాడికి ఇక్కడేం పని? తెల్లమొహం వేశావో, మాతోపాటే బస్సెక్కుతావు. మన ఫోటో స్టూడియోలో కూర్చుని వచ్చినవాళ్లని నవ్విద్దువుగాని."

అబ్బాయికి మాత్రం నవ్వు రాలేదు. పొద్దున్నే టూర్ ఆఫీసుకెళ్లి ఒకే ఒక్క టికెట్ కొన్నాడు, గైడు మైకులో చెప్పేది వినడానికి గుంపుకిచ్చే ఇయర్‌ఫోన్ ఒకటి పుచ్చుకున్నాడు, ఇంటివాళ్లని తీసుకురావడానికి బస్టాపుకి పరిగెత్తాడు. గైడమ్మాయి మొదట్లో చెప్పిన నాలుగు ముక్కలూ ఆ పరుగులో పోయాయి. కొంప ముంచే ముక్క అందులోనే ఉంది.

వంతెన దగ్గర గైడమ్మాయి గొడుగుని గిర్రున తిప్పింది. "ఈ వంతెన కట్టిన ఇంజనీరుకి ఈత రాదు. అందుకే ఇంత గట్టిగా కట్టాడు."

"గొడుగు!" అని అరిచింది ఆమె గుంపు.

పాపం, ఎండకి తాళలేక గొడుగడుగుతున్నారు అనుకున్నాడు అబ్బాయి. ఇటు తిరిగి అందుకున్నాడు. "ఆ ఇంజనీరుకి నీళ్లంటే ప్రాణభయం నాన్నా. స్నానానికి కూడా ఇద్దరు కాపలా!"

పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఈత రానివాడు ఈ తరానికి కూడా పనికొచ్చే వంతెన కట్టాడన్నమాట!"

మ్యూజియం ముందు గొడుగు మళ్లీ తిరిగింది. రాతి సింహం తోక పగలు ఎడమవైపు, రాత్రి కుడివైపు ఉంటుందట. అబ్బాయి దానికి నడుంనొప్పి కూడా తగిలించాడు.

"అన్నయ్యా, నువ్వు చూశావా?" అంది చెల్లి.

"కళ్లారా!"

"మరి చెవి పట్టుకుంటావేం?"

"దుమ్ము."

ఈలోగా గైడమ్మాయి గుంపులోంచి ముగ్గురు ముసలమ్మలు మెల్లగా జరిగొచ్చి అబ్బాయి వెనకాల చేరారు. ఇక్కడ నవ్వు ఎక్కువట! తన జనం తరిగిపోవడం చూసిన గైడమ్మాయి, నాన్న సింహాన్ని ఫోటో తీస్తున్న సందు చూసుకుని, రుసరుసలాడుతూ వచ్చింది.

"ఏమండీ టోపీగారూ! నా మాటలు ఎత్తుకుపోతే పోయారు, నా మనుషుల్ని కూడానా?"

"మెల్లగా అండీ! నాన్న విన్నారంటే నన్ను ఈ ఊళ్లోంచి ఎత్తుకుపోతారు."

"పైగా వెక్కిరింపొకటి. గొడుగు తిప్పినవి కూడా నిజాల్లాగా చెబుతారా?"

"తిప్పితే ఏంటండీ? గాలికి తిప్పుతున్నారనుకున్నా."

ఆమె నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుంది. ఏదో చెప్పబోయేసరికి, ఎవరు పిలిచారో ఏమో, వేసవి వాన దబాటున ఊడిపడింది.

అందరూ లైబ్రరీ వరండాలోకి పరుగు. టూర్ అక్కడితో సరి. గుంపు ఇయర్‌ఫోన్లన్నీ తీసి ఆమె సంచిలో వేసింది. టోపీ కిందది ఒక్కటే మిగిలింది.

నాన్న తల తుడుచుకుంటూ గైడమ్మాయిని పలకరించాడు. "ఏమ్మా, గైడువా? తెలీనిదేమన్నా ఉంటే మావాణ్ణి అడుగు. ఆ వంతెన ఇంజనీరుకి ఈతే రాదు, తెలుసా?"

"గొడుగు!" గుంపంతా ఒక్క గొంతుతో అరిచింది.

"గొడుగేంటి?"

అబ్బాయి మొహంలో రంగు వాననీళ్లతోపాటే కాలవలో కలిసింది. గైడమ్మాయి పక్కకి తిరిగి మైకుని పెదవులకి ఆనించుకుంది. ఇప్పుడా గొంతు వినే చెవి ఒక్కటే. "కంగారుపడకండి. కావాలంటే మీ నాన్నగారికి ఇంకో అబద్ధం చెప్పి కాపాడతాను."

ఆ మాటకి అతని గుండె గొడుగులా విచ్చుకుంది. కానీ ఆ గొంతు చేత తనకోసం అబద్ధం చెప్పించాలనిపించలేదు. టోపీ తీసేశాడు.

"నాన్నా, నాకీ ఊరు తెలీదు. ఆఫీసయ్యాక ఎక్కడికెళ్లాలో, ఎవరితో వెళ్లాలో తెలీక ఇంటికే వచ్చేసేవాణ్ణి. ఇవాళ చెప్పినవన్నీ ఈవిడ మాటలే."

"మాదో ఆటండీ," అంది గైడమ్మాయి, అందరికీ వినబడేలా. "నేను గొడుగు తిప్పి చెప్పిందల్లా అబద్ధం. అది పట్టుకున్నవాళ్లు 'గొడుగు' అని అరవాలి. మొదట్లోనే చెప్పాను. అప్పటికి ఈయన రాలేదు."

పెద్దమ్మ నుదురు కొట్టుకుంది. "తను టోపీ పెట్టుకుని మనకి టోపీ పెట్టాడన్నమాట!"

నాన్న నవ్వలేదు. "ఇటివ్వు," అని ఇయర్‌ఫోన్ తీసుకున్నాడు. సామాను సర్దుకోమంటాడని అబ్బాయి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నాన్న దాన్ని తిప్పి తిప్పి చూసి, తన చెవిలో పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే, వానకేసి తిరిగి నిలబడ్డ గైడమ్మాయి మైకులో గుసగుసగా ఏదో అంది.

నాన్న కనుబొమ్మ మళ్లీ లేచింది. కొడుకుని మించిన గొంతుతో, ముక్క పోకుండా అప్పజెప్పాడు. "'ఊరికి వెళ్లిపోకండి. వచ్చే ఆదివారం రండి, టికెట్ అక్కర్లేదు. ఎవరితో వెళ్లాలో తెలీదన్నారుగా... నాతో రండి' అంటోందిరా!"

గైడమ్మాయి గిరుక్కున తిరిగింది. చెవి మారిందని అప్పుడర్థమైంది. మొహం దాచుకోవడానికి ఇంకేం దొరక్క, గొడుగు విప్పి అడ్డం పెట్టుకుంది.

"విప్పావు సరేనమ్మా," అంది పెద్దమ్మ. "తిప్పుతావా?"

వరండా అంతా గొడుగుకేసి చూసింది. పసుపు గొడుగు ఇసుమంత కూడా కదల్లేదు.

నాన్న ఇయర్‌ఫోన్ కొడుకు చేతిలో పెట్టాడు. "సామాను సర్దక్కర్లేదులే. ఊరు తెలీకపోతేనేం, తెలిసిన మనిషి దొరికింది."

"తిప్పనండీ," అంది గొడుగు వెనకాలి గొంతు. ఈసారి ఇయర్‌ఫోన్ లేకుండానే వినబడింది.