కాళి రాసుకున్న సెట్టింగులు

మహబూబాబాద్ బస్టాండు ఎదురుగా అర్జీలు రాసే అహల్యకు ఒక పాడలవాటు ఉంది. వాక్యం ముగిసిందో లేదో, ఎడమచేయి తనంతట తనే పోయి రెండు మీటలు నొక్కి సేవ్ చేసేస్తుంది. కరెంటు చెప్పాపెట్టకుండా పోయే ఊళ్లో పాత కంప్యూటర్ మీద పని నేర్చుకున్న చేయి మరి. ఇప్పుడు లాప్‌టాప్ వచ్చినా ఆ గుబులు పోలేదు.

ఆమె టైపు చేసే ప్రోగ్రాం, ఎడిటరు, ఎట్లా మలుచుకుంటే అట్లా వింటుంది. రెండక్షరాలు కొడితే "తమరికి వినయపూర్వకంగా మనవి చేయునది" అని వాక్యమంతా పడాలా? పడుతుంది. ఆ సర్దుబాట్లన్నీ ఒక్క ఫైలులో రాసిపెట్టుకుంటే చాలు. ఈ విద్య నేర్పింది ఆమెకంటే ముందు ఇక్కడ అర్జీలు రాసిన గురువు కాళి. ఆర్నెల్ల కింద ఇదే షాపులో, లోపల గడియ పెట్టి ఉండగానే, గొడ్డలితో నరికినట్టు ముక్కలై దొరికాడు. గొడ్డలి మాత్రం దొరకలేదు.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. గదంతా తడిసిన కాగితాల వాసన. అల్మారా సర్దుతుంటే కాళి పెన్‌డ్రైవు చేతికొచ్చింది, అందులో ఆయన సెట్టింగులు. గురువు పనితనం కదా అని మురిసిపోయి, మొత్తం తెచ్చి తన ఫైలు కింద అతికించింది. చదివిందా? లేదు. ఈ పని చేసేవాళ్లంతా ఇంతే, ఒకరి సెట్టింగులు ఒకరు ఎత్తుకొచ్చుకుంటారు, చదివే ఓపిక ఒక్కరికీ ఉండదు. చివర్లో ఒక వరుస మాత్రం కంటబడింది. "సేవ్ అయినప్పుడల్లా ఒక దెబ్బ." ఏదో చప్పుడు పెట్టుకున్నాడు కాబోలు అనుకుని, ఎడిటరు ఒకసారి మూసి తెరిచింది.

అప్పుడే కేసముద్రం నుంచి తమ్ముడు శ్యాం వచ్చాడు. మార్కెట్ యార్డులో బస్తాలు మోసి మోసి ఇరవై ఆరేళ్లకే నడుం వంగింది వాడికి. అక్కడే కంప్యూటర్ ఉద్యోగం ఒకటి పడింది, దరఖాస్తుకు రేపే ఆఖరు. వాడు ఆ బస్తాల కింద నుంచి బయటపడాలని అహల్య మొక్కని దేవుడు లేడు. తలుపు దగ్గరకు వేసి, వాణ్ని ఎదురుగా కూచోబెట్టుకుని మొదలుపెట్టింది. పేరు, తండ్రి పేరు. సేవ్.

శ్యాం చటుక్కున మోచేయి పట్టుకున్నాడు. సన్నటి గీత, దాని వెంట రక్తం. కుర్చీ మేకు గీరిందన్నాడు. సరేననుకుంది.

చదువు వివరాలు. సేవ్.

తడి గుడ్డ చింపినట్టు చప్పుడైంది. శ్యాం భుజం తెరుచుకుంది... లోపల తెల్లగా ఎముక. వేడి రక్తం ఆమె ముఖం మీద, తెర మీద చిమ్మింది. గదిలో ఇంకెవరూ లేరు. వాడు రెండో చేత్తో భుజాన్ని అదిమి పట్టుకున్నాడు.

అహల్య లేవబోయింది. లేస్తూ లేస్తూ... ఎడమచేయి నొక్కేసింది.

వాడి చెవి తెగి బల్ల మీద పడింది.

"అక్కా..." అన్నాడు. "నీ చెయ్యి... జర ఆపు."

కాళి రాసుకున్న దెబ్బ ఇదేనని అప్పుడర్థమైంది ఆమెకు. ఎడిటరు మూసేసి బయటికి ఉరకొచ్చు కదా అంటారు. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేని జాతి అది, ఆపైన తన చేతిని తనే నమ్మలేకపోయింది. సెట్టింగుల ఫైలు తెరిచింది. ఆ వరుస తుడిచింది. కానీ తుడిచింది నిలవాలంటే... సేవ్ చేయాలి.

కాగితం ఎవరి పేరు మీద ఉంటే దెబ్బ వాళ్లకు. ఈ ఫైలు నెత్తిన ఉన్నది ఒక్క అహల్య పేరే. తమ్ముడి వైపు చూసింది.

"తమ్మీ, కండ్లు మూసుకో," అని నొక్కింది.

దెబ్బ కడుపులో దిగింది. మీటల మీద చేతులు బార్లా చాపి పడిపోయింది.

కళ్లు తెరిచేసరికి దవాఖాన. కడుపు నిండా కుట్లు. పక్క మంచం మీద శ్యాం, కట్లలో, ఊపిరి తీస్తూ నిద్రపోతున్నాడు. బతికాడు. అహల్యకు ఏడుపు ఆగలేదు. ఇద్దరినీ ఆటోలో వేసుకొచ్చింది పక్క జిరాక్సు షాపు అకీల్. ఆమె లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కాళ్ల దగ్గర కూచున్నాడు. దాన్ని చూడగానే ఆమెకు గుర్తొచ్చింది. ఫైలులో తుడిచినా, మూసేదాకా ఆ ఎడిటరు పాత మాటే పట్టుకుని ఉంటుంది.

"ముట్టకు..." అంది.

"పరేషాన్ గాకక్కా. బంద్ చేస్తుంటే సేవ్ చెయ్యాల్నా అని అడిగింది. మీ కష్టం ఎందుకు ఖరాబ్ గావాలె? ఇప్పుడే అన్నిటికీ అవును అని నొక్కిన."

అన్నిటికీనా? శ్యాం దరఖాస్తు, తన సెట్టింగుల ఫైలు తప్ప ఆమె వేరే కాగితమే తెరవలేదు.

పక్క మంచం కిర్రుమంది. శ్యాం తల అటు ఒరిగింది... మెడ అంత దూరం ఒరగనివ్వదు. దిండు మీంచి రక్తం ధారగా నేల మీదికి దిగుతోంది.

అకీల్ అటు చూడలేదు. తెర మీదే కళ్లు పెట్టి, కనుబొమలు ముడిచాడు.

"నాలుగు కాగితాలున్నయక్కా, ఒకటెనుక ఒకటి సేవ్ అయితున్నయ్," అన్నాడు మెల్లగా. "రెండోది నా పేరు మీద ఉన్నదేంది?"