అడక్కుండా తుడిచిన లాప్‌టాప్

షట్టర్ లేచిన చప్పుడుకే ఆ ఇల్లు నిద్రలేచేది. కింద పాత కంప్యూటర్లు కొని, బాగుచేసి అమ్మే షాపు. పైన కాపురం. పెద్దకోడలు అప్పటికే వెనక గదిలో నేల మీద కూర్చుని, ఒక కీబోర్డు మీటలన్నీ ఊడదీసి సబ్బునీళ్ళలో వేసింది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ గది ఆమెదే. పాత మిషన్ ఏది వచ్చినా దుమ్ము దులిపి, అందులో ఉన్నదంతా కొత్తదాంట్లోకి మార్చి, పాతదాన్ని పూర్తిగా తుడిచి ఇచ్చేది ఆమే.

ముందు గదిలోంచి మావగారి నవ్వు వినిపించింది.

"చిన్నమ్మాయ్, నువ్వు ఫొటో తీస్తే డొక్కు మానిటర్ కూడా పెళ్ళికూతురిలా కనిపిస్తుందమ్మా!"

పెద్దకోడలి చేతిలో బ్రష్ ఆగింది. తను బాగుచేసిన మిషన్లకి లెక్కలేదు. ఒక్కసారైనా ఆయన ఇలా నవ్వారా? నిన్నగాక మొన్న వచ్చిన తోడికోడలు నాలుగు ఫొటోలు తీసి నెట్‌లో పెట్టేసరికి షాపు పేరు మారుమోగిపోతోందట! ఇవాళ అంతకంటే పెద్ద సంగతి ఉంది. వీధి చివర తీసుకున్న రెండో షాపు తాళాలు ఏ కోడలి చేతికిస్తారో మావగారు ఇవాళే చెబుతానన్నారు.

ఎవరికిస్తారో తెలియకేం, అనుకుంటూ మీటల్ని కసిగా తోమింది.

"అక్కా!" చంకలో రెండు లాప్‌టాప్‌లతో చిన్నకోడలు తలుపు దగ్గర ప్రత్యక్షమైంది. "నా పాతది మొరాయిస్తోంది. ఇందులోదంతా ఈ కొత్తదాంట్లోకి పంపిస్తావా? పాతదానికి సాయంత్రం బేరం వస్తోంది."

"అక్కడ పెట్టు. మహారాణిగారి పనే ముందు చేస్తాం."

"మహారాణిని కాబట్టే నీ దర్బారుకొచ్చా!" అని నవ్వేసి వెళ్ళిపోయింది.

ఆ నవ్వు కూడా మండించింది.

ఫైళ్ళు ఒక్కొక్కటే కొత్తదాంట్లోకి వెళ్తున్నాయి. ఉన్నట్టుండి తెర మీద ఒక ఫోల్డర్ పేరు కనిపించింది. 'అక్క'.

ఎవరి ఫైళ్ళూ తెరిచి చూసే అలవాటు ఆమెకి లేదు. అయినా వేలు ఆగలేదు.

అన్నీ తన ఫొటోలే. గొంతుక్కూర్చుని, పళ్ళ మధ్య బ్రష్ పెట్టుకుని, ముక్కు మీద మసితో, చెమటకి నుదుటికంటుకున్న జుట్టుతో. తనకి తెలియకుండా వెనకనుంచీ పక్కనుంచీ తీసినవి. ఒకదాంట్లో బుగ్గలు ఉబ్బించి కీబోర్డులోకి ఊదుతోంది, అచ్చం కప్పలా.

ఒళ్ళు భగ్గుమంది. మానిటర్లకేమో పెళ్ళికూతురి సోకు, నాకు ఈ అవతారమా! ఎంతమందికి చూపించి నవ్వుకుందో!

ఆ షాపులో మావగారు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. సొంతదారు కొత్త మిషన్‌ని తన చేత్తో తెరిచి చూసుకుని, "తుడిచెయ్యండి" అని నోటితో చెప్పేదాకా పాతదాన్ని తుడవకూడదు. కుడిభుజంలాంటి మెకానిక్ ఒకసారి ఆ మాట దాటితే, ఆయన మధ్యాహ్నానికల్లా అతన్ని పనిలోంచి తీసేశారు.

పెద్దకోడలు ఆ ఒక్క ఫోల్డర్‌నీ కొత్తదాంట్లోకి పంపలేదు. ఎవర్నీ అడగలేదు. పాత లాప్‌టాప్‌ని అడుగంటా తుడిచేసింది.

భోజనాలకి ముందు మావగారు అందర్నీ పిలిచారు. బల్ల మీద తాళాల గుత్తి ఉంది. పెద్దకోడలి మొగుడు స్క్రూడ్రైవర్ చెవి మీద దోపుకునే వచ్చాడు.

"తాళాలిచ్చే ముందు నేనొకటి చూపించాలి మావయ్యగారూ" అంటూ చిన్నకోడలు కొత్త లాప్‌టాప్ తెరిచింది. వెతికింది. మళ్ళీ వెతికింది. మొహం పాలిపోయింది.

"అక్కా, 'అక్క' అని ఒక ఫోల్డర్ ఉండాలి. రాలేదు. పాతదాంట్లో ఉంటుందిగా?"

"తుడిచేశా."

"అప్పుడేనా?"

"ఫోన్‌లో ఉంటాయిగా?" అన్నాడు పెద్దకోడలి మొగుడు.

"ఆ ఫోన్ పోయిన వారమే అమ్మేశాం కదా బావగారూ! అందులోవి ఈ లాప్‌టాప్‌లో వేసుకున్నాకే ఇచ్చా."

అతను పాత మిషన్ ముందేసుకున్నాడు. పోయినవాటిని వెనక్కి రప్పించే విద్యలన్నీ ప్రయోగించాడు. చివరికి చేతులెత్తేశాడు. "మా ఆవిడ తుడిస్తే తుడిచినట్టే. పిసరు కూడా మిగల్చదు."

"ఇంతకీ ఏమున్నాయమ్మా అందులో?" అన్నారు మావగారు.

చిన్నకోడలు కొత్త లాప్‌టాప్ మూసేసింది. "అక్క పనిచేస్తున్న ఫొటోలండీ. నా ఫొటోల్లో మిషన్లు మెరుస్తున్నాయంటారుగా, ఆ మెరుపు అక్క చేతులది. కొత్త షాపు అక్కకిమ్మని అడుగుదామనుకున్నా. ఊరికే చెబితే మీరు నవ్వేస్తారని, చూపిద్దామని..."

పెద్దకోడలి చూపు ఖాళీ అయిన పాత లాప్‌టాప్ మీద పడింది.

మావగారి గొంతు మారింది. "పెద్దమ్మాయ్, తుడవమని ఎవరన్నారు?"

"నేనే అన్నాను!" చిన్నకోడలు చటుక్కున అడ్డొచ్చింది. "చూసుకోకుండానే తుడిచెయ్యమన్నా. తప్పు నాదే మావయ్యగారూ."

దారి దొరికింది. ఊఁ అంటే చాలు, తాళాలు తనకే రావచ్చు. పెద్దకోడలు తోడికోడలి వంక చూసింది. ఆ పిల్ల కళ్ళతోనే ఊరుకోమంటోంది.

"అబద్ధం" అంది పెద్దకోడలు. "తను అనలేదు. ఆ ఫొటోలు చూశాను. నన్ను ఎగతాళి చెయ్యడానికి తీసిందనుకున్నా. కావాలనే వదిలేశా, కావాలనే తుడిచేశా. దాని పని చూసి మీరు నవ్విన ప్రతిసారీ నాకు కడుపు రగిలిపోయేది. ఆ మెకానిక్‌కి వేసిన శిక్షే నాకూ వెయ్యండి."

"ఏంటే ఇది..." అన్నాడు మొగుడు నీరసంగా.

మావగారు తాళాల గుత్తి మీద చెయ్యి వేశారు.

"ఆ మెకానిక్ చివరిదాకా ఒప్పుకోలేదు. నువ్వు ఒప్పుకున్నావు. కానీ ఈ తాళాలు నీకివ్వలేనమ్మా." గుత్తిని చిన్నకోడలి ముందుకి జరిపారు. పెద్దకోడలి వైపు తిరిగేసరికి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "నీ పని నేను మళ్ళీ సరిచూడను. ఈ షాపులో ఇంకెవరి పనీ అలా వదల్లేదు, నా కొడుకులది కూడా. ఆ ముక్క నీతో ఒక్కసారైనా అనాల్సింది. అనలేదు."

పెద్దకోడలు వెనక గదిలోకి వెళ్ళి తలుపు మూయబోతుంటే, చిన్నకోడలు చెయ్యి అడ్డం పెట్టింది.

"తాళాలు నువ్వే తీసుకో అక్కా. నేను మావయ్యగారికి చెప్పుకుంటాను."

"వద్దు. అవి నీవే." పెద్దకోడలు కళ్ళు ఒత్తుకుంది. "నిజం చెప్పనా? ఇంత జరిగాక కూడా, ఆ గుత్తి నీ చేతిలో చూస్తుంటే నాకు కుళ్ళుగానే ఉంది."

"నాకు లేదనుకున్నావా? ఏ మిషన్ చచ్చినా ఇంటిల్లిపాదీ నీ గదికే పరిగెడతారు. నన్ను ఒక్కరూ పిలవరు. నువ్వెలా చేస్తావో చూసి నేర్చుకుందామనే దొంగచాటుగా ఫొటోలు తియ్యడం మొదలుపెట్టా."

పెద్దకోడలికి ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"అడగొచ్చుగా, పిచ్చిమొహమా!"

"మహారాణీ మహారాణీ అంటుంటే ఎలా అడగను?"

పెద్దకోడలు జరిగి, నేల మీద చోటిచ్చింది. మూలనున్న పాత సీపీయూని ఇద్దరి మధ్యకీ లాగింది.

"కూర్చో. ముందు వైరు పీకు. కరెంటు ఉండగా మూత తీశావంటే, కొత్త షాపుకి చచ్చినట్టు నేనే వెళ్ళాల్సొస్తుంది."